జపాన్ కార్ల కంపెనీలో ఉద్యోగం: నేరుగానా, హకెన్‌గానా, ఆన్‌సైట్‌గానా, ఇండియా నుంచేనా?

"అన్నా, టొయోటాలో జాబ్ వచ్చింది" అని ఫోన్ చేసే తమ్ముళ్లకు శుభాకాంక్షలు చెప్పాక నేను ముందుగా అడిగేది ఒకటే: ఆఫర్ లెటర్ మీద ఏ కంపెనీ పేరుంది? ఐచి ప్రిఫెక్చర్‌లోని టొయోటా సిటీలో ఒకే హాల్లో, ఒకే వరుసలో, ఒకే బ్రేక్ సిస్టమ్ మీద పనిచేసే నలుగురిని తీసుకోండి. ఒకరికి జీతం టొయోటానే ఇస్తుంది. పక్క సీటు మనిషికి హకెన్ కంపెనీ, అంటే ఇంజనీర్లను వేరే కంపెనీలకు పంపించే సంస్థ, ఇస్తుంది. ఇంకొకరికి హైదరాబాద్‌లోని సర్వీసెస్ కంపెనీ, మరొకరికి విడిభాగాలు చేసే కంపెనీ ఇస్తాయి. నలుగురూ అదే గేటు లోంచి వస్తారు, అదే క్యాంటీన్‌లో తింటారు. బోనస్, ఇల్లు, వీసా, మార్కెట్ పడిపోయిన రోజు ఎవరు ముందు బయటికి వెళతారనేది మాత్రం నలుగురికీ నాలుగు రకాలు.

అందుకే ఈ పోలిక. టొయోటా మంచిదా, హోండా మంచిదా అని కాకుండా ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్న దాంతో మొదలుపెడతాను.

నేరుగా కంపెనీ ఉద్యోగి

జపాన్‌లో సెయ్‌షాయిన్ అంటే గడువు లేని కాంట్రాక్టుతో ఉన్న పర్మనెంట్ ఉద్యోగి. ఇందులోకి దారులు రెండు. చదువు అయిపోగానే కొత్త బ్యాచ్‌తో కలిసి ఏప్రిల్ 1న చేరడం ఒకటి, అనుభవంతో మధ్యలో చేరడం రెండోది. మన పిల్లలకు మొదటి దారి క్యాంపస్ నుంచే తెరుచుకుంటోంది. జపాన్ ప్రభుత్వ రుణ సాయంతో కట్టిన ఐఐటీ హైదరాబాద్‌లో సుజుకీ తన ఇన్నొవేషన్ సెంటర్ పెట్టుకుంది. అలాంటి చోట చదివేవాళ్లు ఈ అవకాశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఈ కాగితానికి విలువ బోనస్‌లో కళ్లకు కనిపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకటి, డిసెంబరులో ఒకటి ఇస్తారు. 2024 వసంతకాలపు చర్చల్లో టొయోటా యూనియన్ 7.6 నెలల జీతం బోనస్‌గా అడిగితే కంపెనీ పూర్తిగా ఒప్పుకుంది. అది యూనియన్ సభ్యులకు, అంటే కంపెనీ సొంత మనుషులకు. పక్క సీటులో కూర్చున్న హకెన్ ఇంజనీర్‌కు ఆ చర్చలతో సంబంధం లేదు. పెళ్లికాని వాళ్లకు చవకగా దొరికే కంపెనీ హాస్టల్, పెళ్లయినవాళ్లకు క్వార్టర్స్ లేదా అద్దె సాయం కూడా చాలా కంపెనీల్లో సొంత ఉద్యోగులకే ఇస్తారు.

మరి ఇబ్బందులు? ఎదుగుదల నెమ్మది. ఒకే బ్యాచ్‌లో చేరినవాళ్లకు మొదటి కొన్నేళ్లు జీతం దాదాపు ఒకేలా పెరుగుతుంది. రెండేళ్లకోసారి కంపెనీ మారి ముప్ఫై శాతం పెంచుకునే హైటెక్ సిటీ లెక్క ఇక్కడ పనికిరాదు. కంపెనీ మిమ్మల్ని వేరే ఊరికి, అనుబంధ సంస్థకు పంపించవచ్చు; వెళ్లనంటే కుదరదు.

అన్నిటికంటే పెద్దది భాష. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్2 సర్టిఫికెట్ (ఎన్5 మొదటి మెట్టు, ఎన్1 అన్నిటికంటే పైమెట్టు) ఉంటే ఇంటర్వ్యూ వరకు వస్తారు. ఆ తర్వాత నిలబెట్టేది కాగితం మీద రాసే జపనీస్. టొయోటాలో సమస్య ఏదైనా ఒక్క ఏ3 షీట్ మీద తేవాలి. ఎడమవైపు ప్రస్తుత పరిస్థితి, లక్ష్యం, మూలకారణం; కుడివైపు చర్యలు, ఎవరు ఎప్పటికి చేస్తారు, ఫలితం ఎలా కొలుస్తారు. పైఅధికారి దాన్ని ఎర్ర పెన్నుతో నింపి వెనక్కిస్తాడు. "వెళ్లి చూశావా?" అని అడుగుతాడు. లైన్ దగ్గర నిలబడి చూడకుండా సర్వర్‌లోని డేటాతో రాసుకొస్తే ఆయనకు మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. మళ్లీ రాయాలి, ఇంకోసారి ఎర్ర పెన్ను పడుతుంది, మళ్లీ రాయాలి. మొదటి ఏడాది ఇది అవమానంగా అనిపించవచ్చు. కానీ ఇంజనీర్‌గా ఆలోచించడం నేర్పే బడి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. ఎన్2 ఉన్న వాళ్లు తక్కువ జీతం అనిపించినా ఈ కాగితాన్నే ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

జపనీస్ రాని సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఒక పక్కదారి ఉంది. టోక్యోలోని వోవెన్ బై టొయోటా లాంటి అనుబంధ సంస్థల్లో ఇంగ్లిషుతో పని నడుస్తుంది. షిజువోకాలోని సుసొనోలో, మూసేసిన పాత ఫ్యాక్టరీ స్థలంలో కట్టిన టొయోటా ప్రయోగాల నగరం వోవెన్ సిటీ 2025 సెప్టెంబరులో తెరుచుకుంది కూడా. అక్కడ పోటీ ప్రపంచవ్యాప్తం, అడిగేది కోడింగ్ లోతు.

హకెన్: మనవాళ్లలో చాలామంది వచ్చే దారి

మెకానికల్, ఎలక్ట్రానిక్స్ చదివి, ఎన్3 వరకు నేర్చుకున్న పిల్లలకు ఎక్కువగా వచ్చే ఆఫర్లు ఇవే. హకెన్ కంపెనీ మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుని కార్ల కంపెనీ డిజైన్ సెంటర్‌కు పంపుతుంది. పని చెప్పేది కార్ల కంపెనీ, జీతం ఇచ్చేది హకెన్ కంపెనీ. చాలాచోట్ల మెడలో వేసుకునే ఐడీ కార్డు తాడు రంగే వేరు. మీటింగ్ గదిలో ఎవరు ఎవరో ఆ తాడే చెప్పేస్తుంది. కొన్ని ఫోల్డర్లు మీకు తెరుచుకోవు, కొన్ని చర్చలకు మిమ్మల్ని పిలవరు.

అంతమాత్రాన ఇది చెడ్డ ఉద్యోగమని నేను అనను. తలుపు త్వరగా తెరుచుకుంటుంది. క్యాటియా సాఫ్ట్‌వేర్ మీద బాడీ డిజైన్, సిములింక్‌తో కంట్రోల్ మోడళ్లు, కార్ల సాఫ్ట్‌వేర్ ప్రమాణమైన ఆటోసార్ లాంటి పనులు చేతికొస్తాయి. రెండు మూడేళ్లలో భాష ఎక్కి వస్తుంది. కానీ సంతకం పెట్టేముందు తేల్చుకోవాల్సినవి ఉన్నాయి.

హకెన్ కంపెనీతో మీ కాంట్రాక్టు గడువు లేనిదా, గడువు ఉన్నదా? దీన్ని మించిన ప్రశ్న లేదు. గడువున్న కాంట్రాక్టు అయితే ఒకే విభాగంలో 3 ఏళ్లకు మించి ఉండటానికి చట్టం ఒప్పుకోదు. గడువు లేనిదైతే ఆ పరిమితి వర్తించదు, ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి దొరికేలోగా కూడా మీరు హకెన్ కంపెనీ ఉద్యోగే. ఆ ఖాళీ రోజులకు జీతం ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ కారణంగా పని ఆగితే సగటు వేతనంలో కనీసం 60 శాతం ఇవ్వాలని కార్మిక చట్టం చెబుతుంది. మంచి కంపెనీలు పూర్తి మూలవేతనం ఇస్తాయి.

ఇది ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, 2008లో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ పడిపోయినప్పుడు జపాన్ కార్ల పరిశ్రమ ముందుగా తీసేసింది హకెన్ వాళ్లనూ, గడువు కాంట్రాక్టు వాళ్లనే. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన గది కూడా పోయి, వాళ్లలో కొందరు ఆ ఏడాది చివరి రోజున టోక్యో హిబియా పార్కులో గుడారాల్లో తలదాచుకున్నారు. ఫ్యాక్టరీల్లో పనిచేసిన జపాన్ సంతతి బ్రెజిల్ వాళ్లకు 2009లో ప్రభుత్వమే మనిషికి 3 లక్షల యెన్‌లు ఇచ్చి వాళ్ల దేశానికి తిరిగి వెళ్లమంది. వాళ్లలో చాలామంది మనలాగే పిల్లలతో సహా స్థిరపడినవాళ్లు.

ఆఫర్‌లో చూపించే జీతంలో ఓవర్‌టైమ్ ముందే కలిపి ఉందేమో చూసుకోండి. "నెలకు 2,80,000 యెన్‌లు" అని పెద్ద అక్షరాల్లో ఉండి, కింద "ఇందులో 30 గంటల ఓవర్‌టైమ్ భత్యం" అని చిన్న వాక్యం ఉంటే, మూలవేతనం అంతకంటే చాలా తక్కువన్నమాట. బోనస్ లెక్కించేది సాధారణంగా ఆ మూలవేతనం మీదే. 2020 ఏప్రిల్ నుంచి హకెన్ వాళ్లకు సమాన పనికి సమాన వేతనం నియమం ఉంది నిజమే. అయితే చాలా హకెన్ కంపెనీలు తమ ఉద్యోగులతో ఒప్పందం చేసుకుని, ఆ వృత్తిలోని సగటు వేతనం ఆధారంగా లెక్క కడతాయి. టొయోటా బోనస్‌కు అది సమానం కాదు.

ఇంకో భయం చాలామందిని ఆపేస్తుంది: "క్లయింట్ నేరుగా తీసుకుంటానన్నా మా కంపెనీ ఒప్పుకోదన్నా." హకెన్ కాంట్రాక్టు ముగిశాక మిమ్మల్ని క్లయింట్ ఉద్యోగంలోకి తీసుకోకుండా సరైన కారణం లేకుండా అడ్డుకునే షరతు జపాన్ చట్టం ప్రకారం చెల్లదు. రెండు మూడేళ్లు పనిచేసి, ఎన్2 సాధించి, అనుభవజ్ఞుల నియామకంలో నేరుగా చేరడం ఎన్3 వాళ్లకు నేను సూచించే దారి. హకెన్‌లో పదేళ్లు ఉండిపోవడం మాత్రం వద్దు. ముప్ఫై ఐదు దాటాక కొత్త క్లయింట్ల ఇంటర్వ్యూలు కష్టమవుతాయి.

ఆన్‌సైట్

హైదరాబాద్, బెంగళూరు కంపెనీల తరఫున ఏడాదికో రెండేళ్లకో వెళ్లేవాళ్లది వేరే లోకం. ఈ దారిలో మీరు కంపెనీ అంతర్గత బదిలీ వీసా మీద ఉంటే, జపాన్‌లో ఇంకో కంపెనీలోకి మారాలంటే వీసా రకమే మార్చుకోవాలి. మంచి సంగతేంటంటే, 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న భారత్, జపాన్ సామాజిక భద్రతా ఒప్పందం వల్ల 5 ఏళ్ల లోపు పంపినవాళ్లు ఈపీఎఫ్‌ఓ నుంచి కవరేజి సర్టిఫికెట్ తీసుకుంటే జపాన్ పెన్షన్‌కు కట్టక్కర్లేదు. చేతికొచ్చే డబ్బులో తేడా బాగానే ఉంటుంది. కంపెనీ హెచ్‌ఆర్ మర్చిపోతే మీరే గుర్తుచేయండి.

పని తీరులో ఒక ఇరుకు ఉంటుంది. ప్రాజెక్టు మొత్తాన్ని గుత్తకు ఇచ్చే ఉకెఓయి పద్ధతిలో, క్లయింట్ ఉద్యోగి మీకు నేరుగా పని చెప్పకూడదు. అంతా మీ టీమ్ లీడర్ ద్వారానే రావాలి. రెండు బల్లల అవతల కూర్చున్న జపనీస్ ఇంజనీర్‌ను ఒక్క చిన్న సందేహం అడగడానికి మెయిల్ రాసి, లీడర్ చేత పంపించి, జవాబు కోసం సాయంత్రం దాకా ఆగాలి. అది ఎవరి పొగరూ కాదు, చట్టం భయం. అప్పులు తీర్చుకుని వెనక్కి రావాలనుకునేవాళ్లకు, ఇంటి కోసం కొంత కూడబెట్టాలనుకునేవాళ్లకు ఆన్‌సైట్ సరైనదే. కార్ల ఇంజనీర్‌గా లోతు కావాలంటే ఇది చాలదు.

ఇండియాలోనే

బిడదిలోని టొయోటా కిర్లోస్కర్, న్యూఢిల్లీ కేంద్రంగా మారుతీ సుజుకీ, మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి పికప్‌లు తయారుచేస్తున్న ఇసుజు. అమ్మానాన్నలను చూసుకోవాల్సిన వాళ్లకు, పదో తరగతి దగ్గరపడ్డ పిల్లలున్నవాళ్లకు నా సలహా ఇదే. కాయిజెన్ (రోజూ కొంచెం కొంచెం మెరుగుపరచడం), ఆండాన్ (సమస్య వస్తే లైన్ దగ్గర వెలిగే హెచ్చరిక దీపం), ఐదుసార్లు "ఎందుకు" అడగడం ఇక్కడా నేర్పుతారు. శిక్షణకు జపాన్ పంపే అవకాశమూ ఉంటుంది.

వీటిలో సుజుకీది ప్రత్యేకమైన పరిస్థితి. ఆ కంపెనీ ప్రపంచమంతా అమ్మే కార్లలో సగానికి పైగా ఇండియాలోనే అమ్ముడవుతాయి. ఇండియాలో ఏ కారు ఎందుకు నడుస్తుందో తెలిసిన ఇంజనీర్‌కు హమమత్సు ప్రధాన కార్యాలయంలో మాట చెల్లుతుంది. మిగతా కంపెనీల్లో ఇండియా విభాగం నుంచి వెళ్లినవాళ్లు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లుగా మిగిలిపోవడం ఎక్కువ.

షాప్ ఫ్లోర్, ఏజెంట్లు

ఐటీఐ, డిప్లొమా పిల్లలకు ఈ ముక్క. "టొయోటా లైన్ మీద పని, ఇంజనీర్ వీసా, నాలుగు లక్షలు కట్టు" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. ఇంజనీర్ వీసా మీద అసెంబ్లీ లైన్ పని చేయకూడదు, దొరికితే వీసా పోయేది మీకే. కార్ల కంపెనీలు ప్రకటించే గడువు కార్మికుల ఉద్యోగాలు, టొయోటాలో గరిష్ఠంగా 2 ఏళ్ల 11 నెలలు ఉండేవి, సాధారణంగా జపనీయులకూ, శాశ్వత నివాసం లేదా జీవిత భాగస్వామి వీసా లాంటివి ఉన్న విదేశీయులకే దొరుకుతాయి. మనకు చట్టబద్ధమైన దారి నైపుణ్య పరీక్ష, భాషా పరీక్ష రాసి వెళ్లే తొకుతెయ్ గినో (నిర్దిష్ట నైపుణ్య) వీసా. దీనికి భారత్, జపాన్ 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. భారత ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ రిజిస్ట్రేషన్ చూసుకోండి. రిజిస్టర్డ్ ఏజెంట్ అయినా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ తప్ప సర్వీసు చార్జీ తీసుకోకూడదు. భూమి తాకట్టు పెట్టి వెళ్లిన పిల్లలు అక్కడ పడే బాధ చూసి చెబుతున్నాను, ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

ఊరు చూసి కంపెనీ

కాగితం తేలాక ఊరు చూడండి, ఎందుకంటే ఈ కంపెనీలు ఎక్కువగా టోక్యోలో లేవు. టొయోటా ఐచిలో, సుజుకీ హమమత్సులో, మజ్దా హిరోషిమా దగ్గర, సుబారు ఫ్యాక్టరీలు గున్మాలోని ఓతాలో. హోండా పరిశోధన చాలావరకు తొచిగిలో, నిస్సాన్‌ది అత్సుగిలో. మనవాళ్లు ఎక్కువగా ఉండే టోక్యో నిషికసాయికి దగ్గరగా ఇల్లు తీసుకుని, పిల్లల్ని అక్కడి ఇండియన్ స్కూల్లో వేద్దామనుకుంటే వీటిలో చాలా ఊళ్లు కుదరవు. చిన్న పిల్లలైతే ఊళ్లోని జపనీస్ ప్రభుత్వ బడి చాలా బాగుంటుంది. ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లను మాత్రం తీసుకెళ్లి అందులో వేయకండి.

ఈ ఊళ్లలో కారు లేకపోతే కూరగాయలకూ కష్టమే. ఇండియన్ లైసెన్సును జపాన్ లైసెన్సుగా మార్చుకోవాలంటే పరీక్ష రాసి, నడిపి చూపాలి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్షలో 10 ప్రశ్నలకు బదులు 50 అడుగుతున్నారు, 90 శాతం రావాలి. వెళ్లిన మొదటి నెలలోనే దరఖాస్తు పెట్టుకోండి. శాకాహారులకు మొదట కష్టంగానే ఉంటుంది. సుజుకీ 2024 నుంచి హమమత్సు క్యాంటీన్‌లో శాకాహార ఇండియన్ కూరలు పెడుతోంది, 2025లో వాటిని ప్యాకెట్లలో బయట కూడా అమ్మకానికి పెట్టింది.

సెలవుల సంగతి కూడా కాస్త వినండి. టొయోటా క్యాలెండర్‌లో జాతీయ సెలవుల్లో చాలావాటికి పనే. వాటికి బదులు మే మొదట్లో, ఆగస్టులో, కొత్త సంవత్సరానికి మూడు పొడుగు సెలవులు వస్తాయి. కొత్త సంవత్సరం సెలవు అయిపోయిన వారానికే మన సంక్రాంతి! పండక్కి ఊళ్లో ఉండాలంటే సొంత సెలవులు వాడుకోవాల్సిందే. అవి మొదటి ఆరు నెలల తర్వాత ఏడాదికి 10, ఆరున్నరేళ్లకు 20.

పెద్ద పేరు చూసి భద్రత అనుకోవద్దని చెప్పడానికి నిస్సాన్ చాలు. 2025 మేలో 20,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. యొకొసుకాలోని ఒప్పామా ప్లాంటులో కార్ల తయారీ 2028 మార్చికల్లా ఆపేస్తానంది. అక్కడ సొంత ఉద్యోగులను తీసేయడం చట్టపరంగా చాలా కష్టం కాబట్టి ముందు స్వచ్ఛంద విరమణలు, బదిలీలు వస్తాయి. హకెన్ కాంట్రాక్టును పొడిగించకుండా వదిలేస్తే చాలు. మళ్లీ అదే కాగితం దగ్గరికి వచ్చాం.

చేతికొచ్చేది

నెలకు 3,00,000 యెన్‌ల జీతం అనుకుందాం, పెళ్లికాని వాళ్లు. పెన్షన్‌కు 9.15 శాతం, అంటే సుమారు 27,000 పోతుంది. ఆరోగ్య బీమాకు 15,000 దాకా, ఆపై ఉపాధి బీమా, ఆదాయపు పన్ను. చేతికి రెండున్నర లక్షల దరిదాపుల్లో వస్తుంది. మొదటి ఏడాది అంతే, బాగుందనిపిస్తుంది. రెండో ఏడాది జూన్‌లో స్థానిక నివాస పన్ను మొదలవుతుంది. అది కిందటేడాది సంపాదనలో తగ్గింపులు పోగా మిగిలినదాని మీద దాదాపు 10 శాతం చొప్పున వేస్తారు కాబట్టి, ఈ జీతానికి నెలకు ఇంకో 12,000 పైచిలుకు తగ్గుతుంది. చాలామంది జీతం కోశారని హెచ్‌ఆర్ మీద గొడవపడేది అప్పుడే. ఇంటికి పంపే ఈఎంఐలు ఆ రెండో ఏడాది లెక్క మీద వేసుకోండి. భార్యో భర్తో డిపెండెంట్ వీసా మీద వస్తే, అనుమతి తీసుకుని వారానికి 28 గంటల దాకా పనిచేయవచ్చు.

ఉండిపోవాలనుకునేవాళ్లకు శాశ్వత నివాసం మామూలుగా 10 ఏళ్లు. అధిక నైపుణ్య పాయింట్లు 70 ఉంటే 3 ఏళ్లలో, 80 ఉంటే ఏడాదిలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీ, వయసు, జీతం, ఎన్1 లేదా ఎన్2 అన్నిటికీ పాయింట్లున్నాయి. రెండు ఆఫర్లు చేతిలో ఉంటే రెండింటికీ ఈ పాయింట్లు వేసి చూడండి. జీతంలో కొద్ది తేడా మిమ్మల్ని 70 గీత దాటించవచ్చు.

తిరిగి వచ్చేవాళ్లు కట్టిన పెన్షన్‌ను వదిలేయకండి. పదేళ్లు నిండకుండా జపాన్ వదిలితే, వెళ్లిన 2 ఏళ్ల లోపు ఒకేసారి వెనక్కి ఇమ్మని అడగవచ్చు. లెక్కలోకి తీసుకునేది గరిష్ఠంగా 5 ఏళ్లు, అందులో 20 శాతానికి కాస్త పైగా పన్ను పట్టుకుంటారు. ఆ డబ్బు తీసుకుంటే మాత్రం ఆ ఏళ్లను మన ఈపీఎఫ్‌ఓ సర్వీసుతో కలుపుకునే హక్కు పోతుంది. జపాన్‌లో ఏడెనిమిదేళ్లు చేసినవాళ్లు, ఇండియాలోనూ పీఎఫ్ సర్వీసు ఉంటే, తొందరపడి ఆ ఫారం నింపేముందు రెండు లెక్కలూ పక్కపక్కన వేసుకోండి. పెన్షన్ నంబరు ఉన్న నీలం పుస్తకమో, కొత్తగా ఇచ్చే నోటీసు కాగితమో విమానం ఎక్కేముందు సూట్‌కేసులో పెట్టుకోండి, ఆ నంబరు లేకుండా హైదరాబాద్ నుంచి ఉత్తరాలు నడపడం చాలా కష్టం.